నెల్లూరులో ఒక రిహాబ్ వార్డు ఆక్యుపేషనల్ థెరపీ: వార్డులో బాగుంది, ఇంటి గడప దగ్గరే చిక్కు

నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి నడుపుతున్న రిహాబ్ (పునరావాస చికిత్స) వార్డులోని ఆక్యుపేషనల్ థెరపీ విభాగం మీద ఈ సమీక్ష. తీర్పు ముందే చెప్పేస్తాం. తిండి, మరుగుదొడ్డి, స్నానం నేర్పించడంలో ఈ విభాగం మన జిల్లాలో అరుదుగా కనిపించే స్థాయిలో పనిచేస్తోంది. జ్ఞాపకశక్తి, వీల్ చైర్ విషయాల్లో మామూలుగా ఉంది. ఇంటికి పంపేటప్పుడు మాత్రం చేతులెత్తేస్తోంది. పేషెంటు మిగతా కాలమంతా ఉండాల్సింది ఇంట్లోనే కాబట్టి ఆ చివరి లోటు మిగతా మార్కులన్నిటినీ తినేస్తుంది.

ఇక్కడికి ఒక్క జబ్బుతో వచ్చేవాళ్ళు తక్కువ. పక్షవాతంతో పాటు షుగరు, మాట పడిపోవడం, ముక్కులో ట్యూబు. హైవే మీద బైకు యాక్సిడెంటులో తలకు దెబ్బ తగిలి, కాలు కూడా విరిగి, ఊపిరి కోసం గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టిన (ట్రకియాస్టమీ) స్థితిలో వచ్చే కుర్రాళ్ళు. తాటిచెట్టు మీంచి పడి వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళు. కనిగిరి వైపు నుంచి, ఏళ్ళ తరబడి ఫ్లోరైడు నీళ్ళు తాగి వెన్నెముక బిగిసిపోయి, వెన్నుపాము నొక్కుకుపోయినవాళ్ళు. ఇలాంటివాళ్ళ బంధువులు దాదాపు అందరూ అడిగే మాట ఒకటే: “ఫిజియో చేస్తా ఉండారు గదా, మళ్ళీ ఇదెందుకు?” ఫిజియో చూసేది కీళ్ళు, కండరాలు, నడక. ఆక్యుపేషనల్ థెరపిస్టు చూసేది ఆ మనిషి లేచి దొడ్డికి వెళ్ళి, కడుక్కుని, బట్ట కట్టుకుని, అన్నం తిని, వీలైతే మళ్ళీ తన పనికి పోగలడా అన్నది. మన దేశంలో ఈ చదువు 1950లో ముంబైలో మొదలైంది. అయినా మన జిల్లాల్లో ఇప్పటికీ చాలా ఆసుపత్రుల్లో ఫిజియో చేసే మనిషే రెండు పనులూ చేసినట్టు రాసేస్తుంటారు. ఇక్కడ అలా కాదు. బి.ఓ.టి. (ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ) చదివినవాళ్ళే ఉన్నారు. ఎవరైనా చేరే ముందు ఆ డిగ్రీ పేరు అడిగి తెలుసుకోవడంలో తప్పేమీ లేదు.

మొదటి అసెస్‌మెంటు బాగుంది. రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకోగలరో చెప్పే ఎఫ్.ఐ.ఎం. అనే కొలత వాడతారు: 18 పనులు, ఒక్కోదానికి 1 నుంచి 7 వరకు, మొత్తం 18 నుంచి 126. చాలాచోట్ల ఆ మొత్తం అంకె ఫైల్లో రాసి ఊరుకుంటారు. ఇక్కడ ఏ పనిలో ఎంత తగ్గిందో విడివిడిగా చూసి, దాన్నుంచే లక్ష్యం రాస్తారు. “చేతి బలం పెంచడం” అని రాస్తే అది లక్ష్యం కాదు. “ఒక మనిషి సాయంతో మంచం మీంచి కమోడ్ కుర్చీలోకి మారడం” అని రాస్తే అది జరిగిందో లేదో ఎవరైనా చెప్పగలరు. ఇంకో మంచి సంగతి, పగలు ఇంట్లో ఎవరుంటారని మొదటి రోజే అడుగుతారు. కొడుకు రొయ్యల గుంట దగ్గరో, పొగాకు బ్యారన్ దగ్గరో ఉండి రాత్రికి గానీ రాకపోతే, ఇద్దరు మనుషులు పట్టుకుని లేపే పద్ధతి నేర్పి లాభం లేదు.

తిండి దగ్గర ఈ విభాగం పనితనం తెలుస్తుంది. మింగడం స్పీచ్ థెరపిస్టు పరీక్షించాకే నోటికి పెట్టనిస్తారు. ఆ తర్వాత కూడా నిటారుగా కూర్చోబెట్టి, పాదాలు నేలకో బల్లకో ఆనించి, మోచేతులు టేబుల్ మీద ఉంచి మొదలుపెడతారు. తిన్నాక 30 నిమిషాలు పడుకోనివ్వరు. మనవాళ్ళు చేసే పెద్ద పొరపాటు ఏమిటంటే, నమలలేడు కదా అని చారన్నమో, పల్చటి మజ్జిగన్నమో పెట్టడం. మింగడం దెబ్బతిన్నవాళ్ళకు అన్నిటికంటే కష్టమైనది అదే. నోట్లో మెతుకులు ఇంకా నలుగుతుండగానే నీళ్ళు ముందు జారిపోయి ఊపిరితిత్తుల వైపు వెళ్తాయి. దగ్గు వస్తే తెలుస్తుంది, కొందరికి దగ్గు కూడా రాదు. తిన్న తర్వాత గొంతు తడిగా గరగరలాడడం, సాయంత్రానికి జ్వరం రావడం గమనించాలి. పప్పు వేసి మెత్తగా మెదిపిన అన్నం, గడ్డపెరుగుతో మెదిపినది మేలు. సంకటి మెత్తగా ఉంటుంది కదా అని పెట్టబోతారు. అది అంగిలికి అంటుకుపోతుంది, నాలుక కదలిక తగ్గినవాళ్ళకు వద్దని ఇక్కడ స్పష్టంగా చెబుతున్నారు. నెల్లూరులో చేపల పులుసు వద్దంటే ఎవరూ వినరు గనక, ముల్లు పూర్తిగా తీసి, చేపను గుజ్జుతో మెదిపి చిక్కగా ఇవ్వడం వంట చేసే మనిషికి చూపించారు. ఇది అచ్చంగా ఊరికి తగిన థెరపీ.

కుడివైపు పక్షవాతం వస్తే తినే చెయ్యి పోతుంది, ఎడమవైపు వస్తే కడుక్కునే చెయ్యి పోతుంది. బయటి దేశాల పుస్తకాల్లో ఈ తేడాకు చోటుండదు. ఎడమ చేత్తో తినమంటే పెద్దవాళ్ళు తిండే మానేస్తారు. ఇక్కడ బలవంతం చేయరు. ఎడమ చేతికి స్పూను ఇచ్చి, కుడి చేతిని కంచం అంచు పట్టుకునేలా టేబుల్ మీద పెడతారు. ఆ చెయ్యి కూడా భోజనంలో పాలుపంచుకున్నట్టే అవుతుంది. పిడికిలి బిగించలేని వాళ్ళకు స్పూను పిడి లావు చేయాలి. దీనికి ఏసీ మెకానిక్కులు రాగి పైపు మీద తొడిగే నల్ల ఫోమ్ గొట్టం ముక్క చాలు, నాలుగంగుళాలు కోసి తొడిగితే సరి. స్టీలు స్పూను బరువు, పైగా నోట్లో పెట్టగానే గట్టిగా కొరికే పేషెంటుకు పళ్ళకు దెబ్బ. మన ఉదయగిరి చెక్క స్పూను తేలిక, పెదవికి వేడి తగలదు. అయితే చెక్కను రోజూ కడిగి పూర్తిగా ఆరబెట్టాలి, పగులు కనిపిస్తే పారేయాలి. కంచం జారకుండా కింద తడిగుడ్డ. అంచు ఎత్తుగా ఉన్న కంచమైతే మెతుకులు బయటికి పోవు. ఎడమవైపు ఉన్నదాన్ని మెదడు పట్టించుకోని పేషెంటు కంచంలో కుడి సగమే తిని చాలంటాడు. ఆకలి లేదనుకుంటారు ఇంట్లోవాళ్ళు. కంచం ఎడమ అంచుకు ఎర్ర టేపు అంటించి, మొదట ఆ టేపును చూపుతో వెతికించి, ఆ తర్వాతే తినడం మొదలుపెట్టిస్తున్నారు.

చేతి వేళ్ళకు కదలిక వస్తున్న వాళ్ళకు పెగ్ బోర్డులో పుల్లలు గుచ్చించడం ప్రతి సెంటర్‌లోనూ ఉంటుంది. ఇక్కడ దాంతో పాటు చిక్కుడుకాయల ఈనెలు తీయించడం, చింతపండులో గింజలు ఏరించడం, పప్పన్నం కలిపించడం చేస్తున్నారు. ముద్ద కలపడంలో బొటనవేలు మిగతా నాలుగు వేళ్ళకు ఎదురు రావాలి, అరచెయ్యి దొప్పలా ముడవాలి. అంతకంటే మంచి వ్యాయామం ఏ డబ్బాలోనూ దొరకదు.

మరుగుదొడ్డి, స్నానం. ఈ వార్డులో వాటిని పగటి పూట థెరపీ హాల్లో నటింపజేయకుండా, ఉదయం స్నానం వేళకే థెరపిస్టు వచ్చి అసలు బాత్రూములో చేయిస్తున్నారు. దీనికి పూర్తి మార్కులు. పద్ధతి ఇలా: పక్షవాతం పేషెంటుకు కుర్చీని బాగున్న పక్కన, మంచానికి 30 నుంచి 45 డిగ్రీల కోణంలో పెట్టాలి. బ్రేకులు వేయాలి, ఫుట్‌రెస్టులు మడిచేయాలి. మనిషిని మంచం అంచుకు జరిపి, పాదాలు మోకాళ్ళకంటే కాస్త వెనక్కి పెట్టించాలి. ముక్కు కాలి బొటనవేళ్ళ మీదికి వచ్చేదాకా ముందుకు వంగమనాలి. పిరుదులు తేలిపోతాయి, అప్పుడు నడుం బెల్టు పట్టుకుని తిప్పాలి. సాయం చేసేవాళ్ళు చంకల్లో చేతులు పెట్టి లాగితే, బలం లేని భుజం కీలు కిందికి జారుతుంది. తర్వాత నెలల తరబడి ఏడిపించే భుజం నొప్పికి అదొక ముఖ్య కారణం. లుంగీ కట్టుకున్న మనిషిని లేపేటప్పుడు లుంగీ ముడి పట్టుకోవడం ఇంకో అలవాటు. ముడి ఊడిందా, ఇద్దరూ కింద పడతారు.

కమోడ్ ఎత్తు 17 నుంచి 19 అంగుళాల మధ్య ఉంటే లేవడం తేలిక. గోడకు పట్టు రాడ్డు నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో, టైల్ వెనక గుల్ల లేని చోట, యాంకర్ బోల్టులతో బిగించాలి. టవల్ రాడ్డు పట్టుకుని లేవడం అలవాటైతే ఏదో ఒక రోజు అది ఊడి చేతికొస్తుంది. ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో కన్నం కోసి కమోడ్ మీద పెట్టడం మన ఊళ్ళలో బాగా ఉంది. కన్నం కోసిన చోటు నుంచే చీలిక మొదలవుతుంది, తడి గచ్చు మీద కాళ్ళు విచ్చుకుంటాయి. ఇక్కడివాళ్ళు దాన్ని ఒప్పుకోరు, నాలుగు కాళ్ళకూ రబ్బరు బూట్లున్న ఇనుప కమోడ్ కుర్చీ కొనమంటారు. ఎడమ చెయ్యి పోయినవాళ్ళకు హెల్త్ ఫాసెట్‌ను కుడివైపు బిగించుకోమని కొలతతో సహా రాసిస్తున్నారు. స్పర్శ తెలియని వాళ్ళకు నీళ్ళ వేడి బాగున్న చేత్తో, లేదా సాయం చేసేవాళ్ళ మోచేత్తో చూడాలి. వెన్నుపాము పేషెంటు కాలు బొబ్బలెక్కినా అతనికి తెలియదు.

బట్టల విషయం క్లుప్తంగా. తొడిగేటప్పుడు చచ్చుబడిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు. ఇది వార్డులో ఆయాలకు కూడా వచ్చు, అదే ఈ విభాగం గొప్ప.

చెయ్యి ముడుచుకుపోకుండా కట్టే అచ్చు పట్టీల (స్ప్లింటుల) దగ్గర మాకు కొంచెం పేచీ ఉంది. తయారీలో వంక పెట్టడానికి లేదు. థర్మోప్లాస్టిక్ షీటును 65, 70 డిగ్రీల నీళ్ళలో మెత్తబరిచి, చేతి మీదే అచ్చు తీస్తారు, అంచులు గుండ్రంగా మడుస్తారు. మొదటి రోజు అరగంట కట్టి విప్పి చూస్తారు. విప్పాక 20 నిమిషాలకు కూడా ఎర్రదనం పోకపోతే అక్కడ వేడి చేసి ఉబ్బిస్తారు. కానీ పక్షవాతం వచ్చిన ప్రతి చేతికీ రాత్రి స్ప్లింటు రాసేస్తున్నారు. అలా అందరికీ కట్టడం వల్ల చెయ్యి ముడుచుకుపోవడం ఆగుతుందని పరిశోధనల్లో తేలలేదు. బిగుతు ఎక్కువగా ఉండి అరచేతిలోకి గోళ్ళు గుచ్చుకుంటున్నవాళ్ళకో, కాలిన చేతులకో ఇస్తే అర్థం ఉంది. ఇంకో మాట, నెల్లూరు ఎండ గురించి ఎవరూ హెచ్చరించడం లేదు. మే నెలలో మూసిన కారు డాష్‌బోర్డు మీద పెట్టిన స్ప్లింటు సాయంత్రానికి అప్పడంలా వంగిపోతుంది.

రెండు విభాగాలు మాట్లాడుకోకపోతే ఏమవుతుందో భుజం దగ్గర చూడొచ్చు. ఆక్యుపేషనల్ థెరపీ వాళ్ళు భుజాన్ని దిండుతో ఆనించి, నిలబడినప్పుడే స్లింగు (చేతిని మెడకు వేలాడదీసే పట్టీ) వేయమంటారు. రోజంతా స్లింగులో ఉంచితే మోచెయ్యి మడత పడిపోతుంది. అదే పేషెంటును పక్క హాల్లో ఫిజియోవాళ్ళు తల పైనున్న పుల్లీ తాడు పట్టించి, బాగున్న చేత్తో లాగిస్తున్నారు. పక్షవాతం భుజానికి పుల్లీ వద్దని చెప్పేది ఇందుకే: ఎముక సరైన చోట తిరగకుండానే చెయ్యి పైకి లేస్తుంది, లోపలి కండరాలు నలుగుతాయి.

వెన్నుపాము పేషెంట్ల పని చాలా శ్రద్ధగా ఉంది. మెడ దగ్గర సి6 (మెడలోని ఆరో వెన్నుపూస) స్థాయిలో దెబ్బ తగిలినవాళ్ళకు వేళ్ళు కదలవు, మణికట్టు మాత్రం పైకి లేస్తుంది. మణికట్టు లేపితే వేళ్ళు వాటంతటవే ముడుచుకుంటాయి. ఆ కాస్త బిగువే వాళ్ళకు గ్లాసు పట్టుకునే పట్టు. బంధువులు ప్రేమకొద్దీ మణికట్టు వెనక్కి వంచి వేళ్ళన్నీ తిన్నగా సాగదీస్తే ఆ పట్టు శాశ్వతంగా పోతుంది. మణికట్టు లేచి ఉన్నప్పుడు వేళ్ళు ముడిచి, మణికట్టు వాలినప్పుడే వేళ్ళు చాపాలి. మంచం తలాపున బొమ్మ గీసి అంటించారు. దాని పక్కనే ఇంకో కాగితం: టి6 (ఛాతీ వెనక ఆరో వెన్నుపూస) దగ్గర, ఆ పైన దెబ్బ తగిలిన పేషెంటుకు హఠాత్తుగా తలనొప్పి, మొహం ఎర్రబడి చెమటలు పట్టి బీపీ పెరిగితే వెంటనే కూర్చోబెట్టాలి, బట్టలు వదులు చేయాలి, మూత్రం పైపు మడత పడిందేమో చూడాలి, డాక్టరును పిలవాలి. పడుకోబెట్టడం ప్రమాదం. ఈ కాగితం ప్రతి ఇంటికీ వెళ్ళాలి.

ఒకేచోట ఒత్తుకుపోయి పడే పుండ్ల విషయానికొస్తే, మంచంలో రెండు గంటలకోసారి పక్క తిప్పడం, కుర్చీలో అరగంటకోసారి ముందుకు వంగి రెండు నిమిషాలు ఉండడం నేర్పిస్తున్నారు. మందుల షాపుల్లో అమ్మే గుండ్రటి రింగు దిండు కొనవద్దంటున్నారు, సరైన మాట. రింగు అంచు చుట్టూ రక్తం ఆపేస్తుంది. ఎయిర్ బెడ్ మీద పేషెంటు పడుకున్నాక పిరుదుల కింద, పరుపుకు అడుగున చెయ్యి పెట్టి చూడాలి. ఎముక చేతికి తగిలితే గాలి చాలనట్టు. కరెంటు పోతే మోటారు ఆగుతుంది, కొన్నిటిలో గాలి కూడా దిగిపోతుంది. ఇన్వర్టరు లేని ఇంట్లో రాత్రి పక్క తిప్పడం మానకూడదు.

ఇక తక్కువ మార్కులు. తలకు దెబ్బ తగిలినవాళ్ళకు ఆలోచన, జ్ఞాపకం పరీక్ష 30 మార్కుల కాగితం మీదే అయిపోతోంది. బడి ముఖం చూడని రైతును గడియారం బొమ్మ గీయమంటే సున్నా వస్తుంది. అదే మనిషి కూలీ లెక్క నోటితో చెప్పగలడు. మాట పోయినవాళ్ళకు ఆ కాగితం ఇంకా అన్యాయం. పని చేయించి చూడాలి: టీ పెట్టడం, ₹500 నోటుకు చిల్లర లెక్క, ఫోన్లో కొడుకు నంబరు కలపడం, మాత్రల డబ్బా సర్దడం. థెరపీ కిచెన్ అని గది ఉంది, స్టవ్ ఉంది, సిలిండరు లేదు. వెలగని స్టవ్ మీద ఆపడం మరచిపోతారో లేదో ఎలా తెలుస్తుంది? ట్రకియాస్టమీ పేషెంట్లకు ఇచ్చే బొమ్మల బోర్డు మీద మాటలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. “నొప్పి”, “దాహం”, “పక్క తిప్పు”, “కఫం తీయి” అని నాలుగు తెలుగు మాటలు రాయించడం పెద్ద ఖర్చు కాదు.

వీల్ చైర్ అందరికీ 18 అంగుళాల సీటుదే రాస్తున్నారు. కొలత తీయడానికి టేపు చాలు. కూర్చున్నప్పుడు తుంటి వెడల్పుకు ఒక అంగుళం కలిపితే సీటు వెడల్పు, పిరుదుల నుంచి మోకాలి మడత వరకు కొలిచి రెండంగుళాలు తీసేస్తే సీటు లోతు. సన్నటి మనిషి వెడల్పు సీటులో ఒక పక్కకు ఒరిగిపోతాడు, వెన్ను వంకరపోతుంది, ఒకే పిరుదు మీద బరువు పడి పుండు పడుతుంది. కొనేటప్పుడు ఆర్మ్‌రెస్టు ఊడొచ్చేదీ, ఫుట్‌రెస్టు పక్కకు తిరిగేదీ అడగండి. చవక మడత కుర్చీల్లో రెండూ బిగించేసి ఉంటాయి, పక్క నుంచి మంచం మీదికి జరగడం కుదరదు.

ఇంటికి పంపడం. ఇక్కడే మా అసంతృప్తి అంతా. బిల్లు కట్టే రోజు గబగబా ఒక్కసారి చూపించి, ఇంగ్లీషులో అచ్చేసిన వ్యాయామాల కాగితం చేతిలో పెడుతున్నారు. పేషెంటును చూసుకోబోయే మనిషి వార్డులోనే వరసగా మూడు, నాలుగు రోజులు తన చేతులతో లేపి, కడిగి, తినిపించి, థెరపిస్టు పక్కన నిలబడి దిద్దితేనే ఆ పని వస్తుంది. ఇల్లు చూడటానికి ఎవరూ వెళ్ళరు. దూరం నిజమే, కానీ వీడియో కాల్ ఉంది కదా. కొలవాల్సినవి నాలుగే: తలుపుల వెడల్పు, గడపల ఎత్తు, మంచం ఎత్తు, అరుగు ఎత్తు. మామూలు వీల్ చైర్ బయటి వెడల్పు 24 నుంచి 26 అంగుళాలు, పాత ఇళ్ళలో బాత్రూము తలుపు అంతకంటే ఇరుకు. ర్యాంపు అంటే అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. రెండడుగుల అరుగుకు 24 అడుగులు కావాలి. ఆరడుగుల్లో కట్టించిన ర్యాంపు మీద తోసే మనిషే వెనక్కి జారుతాడు. అంత స్థలం లేకపోతే మలుపు తిప్పి కట్టాలి, మలుపు దగ్గర 5 అడుగుల చదును ఉండాలి. పసుపు రాసి కుంకుమ పెట్టిన గడపను తీయమంటే ఏ ఇల్లాలూ ఒప్పుకోదు, ఒప్పుకోనక్కర్లేదు. గడపకు రెండు వైపులా చెక్క వాలు పలకలు చేయించుకుంటే పండగలకు తీసి పక్కన పెట్టొచ్చు. కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్ళలో వీల్ చైర్ ముందు చిన్న చక్రాలు ఇసుకలో దిగబడతాయి, వీధి వరకు సిమెంటు బాట లేకపోతే కుర్చీ ఇంట్లోనే ఉండిపోతుంది.

ఎవరు చేరొచ్చంటే: పక్షవాతం వచ్చి నిలకడగా ఉన్నవాళ్ళు, వెన్నుపాము దెబ్బ తగిలినవాళ్ళు నిస్సందేహంగా. తల దెబ్బతో ప్రవర్తన మారినవాళ్ళకు ఈ విభాగం ఇంకా సిద్ధంగా లేదు. చేరేటప్పుడే మూడు సంగతులు ఖాయం చేసుకోండి. ఆక్యుపేషనల్ థెరపీ సెషను ఫిజియోతో కలిపి బిల్లా, విడిగానా. స్ప్లింటు సరిచేయడానికి మళ్ళీ వస్తే డబ్బు తీసుకుంటారా. ఇంటి మనిషికి శిక్షణ ఏ రోజు నుంచి మొదలవుతుంది. మూడోది మీరు అడగకపోతే జరగదు.

వీల్ చైర్, కమోడ్ కుర్చీ సొంతంగా కొనే ముందు నెల్లూరులోనే ఉన్న కేంద్ర ప్రభుత్వ సి.ఆర్.సి. (వికలాంగుల పునరావాస కేంద్రం)లో అడగండి. 40 శాతం, ఆ పైన వైకల్యం ఉండి ఆదాయ పరిమితిలోకి వచ్చేవాళ్ళకు ఏడిప్ పథకం కింద ఉపకరణాలు ఇస్తారు. మంచానికే పరిమితమైన పక్షవాతం పేషెంట్లకు రాష్ట్ర పింఛను 2024 జూలై నుంచి నెలకు ₹15,000, మిగతా వికలాంగులకు ₹6,000. వైకల్యం శాతం నిర్ణయించేది ప్రభుత్వ డాక్టర్లే. అయినా డిశ్చార్జి సమ్మరీలో “పేషెంటు స్టేబుల్” అని ఒక్క ముక్కతో సరిపెట్టనివ్వకుండా, ఏ పనికి ఎంత సాయం కావాలో, ఎఫ్.ఐ.ఎం. అంకెలతో సహా, థెరపిస్టు సంతకంతో రాయించుకుని వెళ్ళండి.